పీట్ కషాయంలో ఏముంది?

1917లో లండన్ కింగ్స్ కాలేజీ వృక్షశాస్త్ర ఆచార్యుడు విలియం బాటమ్లీ ఓ వింత ఫలితం ప్రకటించాడు. నీటి మీద పచ్చగా పరుచుకునే లెమ్నా అనే చిట్టి మొక్కను ఆయన రెండు రకాల నీళ్లలో పెంచాడు. మొదటిదానిలో మొక్కకు కావాలని అప్పటికి తెలిసిన ఖనిజ లవణాలన్నీ ఉన్నాయి. రెండోదానిలో అవే లవణాలకు తోడు, బాక్టీరియాతో మాగబెట్టిన పీట్ (చిత్తడి నేలల్లో సగం చివికిన మొక్కల పదార్థం) నుంచి తీసిన సారం రవ్వంత. మొదటి నీళ్లలో మొక్కలు రానురాను చిక్కిపోయాయి, రెండోదానిలో కమ్ముకున్నాయి.

'విటమిన్' అనే మాట పుట్టి అప్పటికి ఐదేళ్లే. రవ్వంత పదార్థం అంత పని చేసిందంటే మొక్కలకూ విటమిన్లు కావాలన్నమాట అనుకున్నాడు బాటమ్లీ. వాటికి ఆక్సిమోన్లని పేరు పెట్టాడు. ఆ రోజుల్లో ఎవరికైనా తోచే ఊహే అది.

1920లలో అమెరికాలోని అయోవాలో క్లార్క్ అనే శాస్త్రవేత్త ఈ ఊహకు గండి కొట్టాడు. సేంద్రియ పదార్థమేదీ లేకుండా, ఒట్టి ఖనిజ ద్రావణంలోనే లెమ్నాను తరాల తరబడి పెంచి చూపాడు. అంటే ఆక్సిమోన్ లేకపోయినా మొక్క బతుకుతుంది. మరి బాటమ్లీ కళ్లారా చూసిన తేడా ఎక్కడిది?

పాత ఆధారం ఒకటి ఫ్రాన్స్‌లో ఉంది. పాలిపోయిన ఆకులు ఇనుప లవణంతో తిరిగి పచ్చబడతాయని యూసెబ్ గ్రీ అనే ఆయన 1840లలోనే గమనించాడు. భూమి పైపొరలో ఇనుము బరువులో 5 శాతం దాకా ఉంటుంది. అయినా సున్నం ఎక్కువున్న నేలలో మొక్క ఇనుముకు మొహం వాస్తుంది. సున్నం నేల పీహెచ్‌ను పెంచుతుంది; పీహెచ్ ఒక మెట్టు పెరిగితే కరిగి ఉండే ఫెర్రిక్ ఇనుము దాదాపు వెయ్యో వంతుకు పడిపోతుంది, మిగిలినదంతా తుప్పులా అడుగున పేరుకుంటుంది. గాజుపాత్రలోని ద్రావణానికీ ఇదే గతి: ఇనుము వేసినట్టే ఉంటుంది, మొక్కకు అందదు.

ముడి విడింది 1930లో, కోపెన్‌హేగన్‌లో బీరు కంపెనీ నెలకొల్పిన కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో. పీట్ లాంటి చివికిన పదార్థంలోని హ్యూమస్ చేసే మేలంతా ఇనుమును కరిగిన స్థితిలో నిలిపి ఉంచడమేనని కార్స్‌టెన్ ఓల్సెన్ అనే శాస్త్రవేత్త తేల్చాడు. రెండేళ్లకు బర్క్, లైన్‌వీవర్, హార్నర్ అనే పరిశోధకులు అజోటోబాక్టర్ అనే బాక్టీరియా మీద హ్యూమిక్ ఆమ్లం చూపే ప్రభావానికీ ఇనుమే కారణమన్నారు. బాటమ్లీ కళ్లు మోసపోలేదు, కారణం దగ్గరే దారి తప్పాడు.

హ్యూమిక్ ఆమ్లాల్లోని కార్బాక్సిల్, ఫినాల్ గుంపులు ఇనుము అయాన్‌ను పట్టుకుని పేరుకుపోనివ్వవు. వేరు దగ్గరికి చేరాక, వేరుశనగలాంటి మొక్కలు ఫెర్రిక్ ఇనుమును ఫెర్రస్‌గా మార్చి లోపలికి తీసుకుంటాయి. గడ్డిజాతి మొక్కలది వేరే పద్ధతి, ఇనుమును పట్టే పదార్థాలను అవే వేళ్ల నుంచి వదులుతాయి. ఆ పట్టు మరీ గట్టిదైతే మాత్రం వేరుకు ఇనుము విడిపించుకోవడం కష్టం.

మన సున్నపు నేలల్లో వేరుశనగ లేతాకులు పసుపెక్కితే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్)తో పాటు 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి కొట్టమనేదీ ఈ రసాయన సూత్రాన్ని నమ్మే. నిమ్మ ఉప్పు నీటిని పుల్లబరిచి, ఇనుమును పట్టుకుని కరిగి ఉండేలా చూస్తుంది. పిచికారీ పడిన ఆకులు పచ్చబడతాయి. నేల మారదు కాబట్టి కొత్త ఆకులు మళ్లీ పాలిపోవచ్చు, అందుకే వారానికి ఇంకోసారి కొట్టాల్సి వస్తుంది. హ్యూమస్ ఉన్న, బాగా చివికిన పశువుల ఎరువు మాత్రం పని చేసేది కింద, వేరు దగ్గర.