హాజరు పట్టీకి ఎక్కని స్వేచ్ఛ

పాములపాడుకు దగ్గర్లో, ఆత్మకూరు వైపు సిద్ధాపురం ఉంది. ఆ ఊరి చెరువు గురించి చెప్పేవాళ్లు ఎందరో ఉన్నారు. బ్రిటిష్ కాలంలో అక్కడ 'నేరస్థ తెగల' సెటిల్మెంటు నడిచిందని చెప్పేవాళ్లు తక్కువ. స్టూవర్టుపురం, కావలి, సీతానగరం పేర్ల పక్కన ఈ పేరునూ మన చరిత్రలో రాసుకోవాలి.

ఒకప్పుడు ఎరుకలవాళ్లు గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా ఉప్పును లోపలి ఊళ్లకు చేర్చి, బదులుగా ధాన్యం తెచ్చేవారు. సుగాలీలు ఎద్దుల బిడారులు నడిపేవారు. 1856లో మద్రాసు రాష్ట్రంలో రైలు మొదలైంది. ఉప్పు మీద సర్కారు పట్టు బిగించింది. 1876-78లో ధాత కరువు వచ్చింది. 1882 అటవీ చట్టం వెదురుకూ, పచ్చికకూ అడ్డం పడింది. ఇలా బతుకుదెరువు పోయినవాళ్ల మీదే 'పుట్టుదొంగలు' అనే ముద్ర వేశారు. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసుకూ వచ్చింది.

దాంతో వేలిముద్రలు, హాజరు పిలుపులు మొదలయ్యాయి. ఊరు దాటాలంటే పాసు ఉండాలి. చుట్టం చనిపోయినా అనుమతి లేకుండా కదలకూడదు. తప్పు చేసినవాడికీ, చేయనివాడికీ ఒకటే పట్టీ.

అయినా ఆ పట్టీకి ఎక్కనివి కొన్ని మిగిలాయి. కుర్రు భాషకు బడి లేదు, పుస్తకం లేదు. అయినా అది ఈనాటికీ ఎరుకల ఇళ్లలో వినబడుతోందంటే, ఆ కట్టడి రోజుల్లోనూ తల్లులు బిడ్డలతో ఆ మాటే మాట్లాడారన్నమాట. బుట్ట అల్లే చెయ్యి, సోది చెప్పే గొంతు కూడా అలాగే మనదాకా వచ్చాయి.

వియన్నా వైద్యుడు విక్టర్ ఫ్రాంకల్ నాజీల శిబిరాల్లో మగ్గి బయటపడ్డాడు. మనిషి దగ్గర అన్నీ లాక్కున్నా, వచ్చిన కష్టాన్ని ఎలా ఎదుర్కోవాలో ఎంచుకునే స్వేచ్ఛ అతనికే మిగులుతుందని 1946లో పుస్తకం రాశాడు. మన పెద్దలు ఆ పుస్తకం చదవలేదు, ఆ స్వేచ్ఛతోనే బతికారు.

అయితే ఒక మాట. లోపలి స్వేచ్ఛ గొప్పదని బయటి అన్యాయాన్ని ఒప్పుకోనక్కర్లేదు. బాధ పెట్టినవాడు "మీరు ఓర్చుకున్నారు కదా" అంటే అది న్యాయం కాదు. ఆ చట్టాన్ని దేశమంతటా 1952 ఆగస్టు 31న ఎత్తేశారు. ముద్ర మాత్రం సినిమాల్లో, వెక్కిరింతల్లో ఇంకా తిరుగుతోంది. అది విని తల దించుకునే యువత మనలో ఉంది.

తల దించుకోవాల్సింది మనం కాదు. ఉపాధ్యాయులారా, ఆగస్టు 31న ఈ చరిత్రను తరగతిలో చెప్పండి. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఇంట్లో అవ్వాతాతలను అడిగి, వాళ్ల మాటల్నే నోటుపుస్తకంలో రాసిపెట్టండి. సర్కారు పట్టీలో మన పెద్దలకు వేలిముద్రలే ఉన్నాయి. వాళ్ల కథలు మనమే రాయాలి.