వాడకూ వైద్యానికీ మధ్య దూరం

పేదల వాడలకు వైద్యం ఎందుకు అందడం లేదని అడిగితే, చదువుకున్నవాళ్లలో చాలామంది చెప్పే జవాబు ఒకటే: వాళ్ల అజ్ఞానం, వాళ్ల అపరిశుభ్రత. తరాలుగా చెలామణీలో ఉన్న ఈ జవాబును ఒకసారి శాస్త్రమే పరీక్షకు పెట్టింది. ఆ పరీక్ష మద్రాసులో జరిగింది. దాని పూర్వరంగం మాత్రం అప్పటి మన చిత్తూరు జిల్లాలో ఉంది.

మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో 1915 నాటికి క్షయ శానిటోరియం స్థిరపడింది. దాన్ని నడిపినవాడు డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్. క్షయను చంపే మందు అప్పటికింకా పుట్టలేదు. మంచి గాలి, పుష్టికరమైన తిండి, నెలల తరబడి విశ్రాంతి - ఇవే ఆనాటి చికిత్స. ఆ వైద్యుల నిష్ఠను ఎవరూ శంకించనక్కర్లేదు. కాని ఆ చికిత్సలోని దినుసులు చూడండి. పేదవాడికి ఏవి లేవో సరిగ్గా వాటితోనే అది తయారైంది. రోజు కూలి మానుకుంటే ఇంట్లో పొయ్యి వెలగని మనిషికి విశ్రాంతిని మందుగా రాసివ్వడంలో ఉన్న వైరుధ్యం వైద్యశాస్త్రానిది మాత్రమే కాదు, సమాజానిది.

స్ట్రెప్టోమైసిన్ 1943లో, క్షయకు ఐసోనియజిడ్ 1952లో వచ్చాయి. మందు చేతికొచ్చాక కూడా పాత నమ్మకం పోలేదు: ఇరుకు గుడిసెలో, అర్ధాకలితో ఉన్న రోగికి ఇంటి దగ్గర నయం కాదని.

తిరుపతి నుంచి వడమాలపేట, పుత్తూరు మీదుగా సాగే దారి మద్రాసుకు చేరుతుంది. 1953 దాకా ఈ ప్రాంతానికి రాజధాని ఆ నగరమే. అక్కడి పేటల్లో తెలుగు పారిశుధ్య కార్మికులు తరతరాలుగా బతుకుతున్నారు. ఆ నగరంలోనే 1956లో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ఏర్పడింది. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి కలిసి దాన్ని నెలకొల్పాయి. వాలెస్ ఫాక్స్ నాయకత్వంలో 193 మంది పేద రోగులను రెండు భాగాలు చేశారు. ఒక భాగాన్ని శానిటోరియంలో చేర్చారు. రెండో భాగానికి ఇంటి దగ్గరే ఉంచి అవే మందులిచ్చారు. మందులు మింగుతున్నారో లేదో తెలుసుకోవడానికి చెప్పకుండా ఇళ్లకు వెళ్లి చూశారు.

ఫలితాలు 1959లో వెలువడ్డాయి. ఏడాది చివర శానిటోరియం రోగుల్లో 92 శాతం మందికి, ఇంటి రోగుల్లో 86 శాతం మందికి వ్యాధి అణిగింది. శానిటోరియం వాళ్లకు తిండీ విశ్రాంతీ ఎక్కువే దొరికినా, తేడా అంతే. తర్వాత కుటుంబసభ్యులను ఏళ్ల తరబడి పరిశీలిస్తే, రోగి ఇంట్లో ఉన్నందువల్ల వాళ్లకు అదనపు ముప్పు కనిపించలేదు. గుడిసె దోషం కాదని తేలింది. మందు గుడిసె దాకా నడిచి రాకపోవడమే దోషం.

మరి అజ్ఞానం సంగతి? దానికి జవాబు 1963లో వచ్చింది. కర్ణాటకలోని తుమకూరు జిల్లా పల్లెల్లో డి. బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ క్షయ రోగులను ప్రశ్నించారు. అత్యధికులకు తమ ఒంట్లోని లక్షణాలు తెలుసు. సుమారు సగం మంది తమంతట తామే ఆసుపత్రి గడప తొక్కారు కూడా. అక్కడ చాలామందికి దక్కింది దగ్గుమందు సీసా. పల్లెలో తేలిన ఈ నిజం పట్టణపు వాడకు వర్తించదా? పుత్తూరు కట్టు కోసం జనం ఎందుకు బారులు తీరతారో ఆలోచించండి. కట్టు కట్టించుకున్నవాడు అదే రోజు ఇల్లు చేరగలడు. పేదవాడు వైద్యం ఖరీదును రూపాయల్లోనే కాదు, పోయిన కూలిరోజుల్లో కూడా లెక్కవేస్తాడు. అది అజ్ఞానం కాదు, గణితం.

ఈ గణితాన్ని ప్రభుత్వాలు ఆలస్యంగా గుర్తించాయి. మురికివాడల్లోనే ఆరోగ్యకేంద్రాలు పెట్టాలని కృష్ణన్ కమిటీ 1980ల తొలినాళ్లలో సూచించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000లో ప్రపంచబ్యాంకు సాయంతో మొదలైన పథకం కింద 74 పురపాలక పట్టణాల్లో 192 పట్టణ ఆరోగ్యకేంద్రాలు వచ్చాయి. వాటి నిర్వహణను ఒప్పందం మీద స్వచ్ఛంద సంస్థలకు అప్పగించారు. 2013 నాటి జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ యాభైవేల జనాభాకు ఒక కేంద్రం ఉండాలంది. కూలి చేసుకునేవాళ్లకు వీలుగా మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 దాకా వైద్యుడు ఉండాలని కూడా సూచించింది. హైదరాబాదులో 2018లో బస్తీ దవాఖానాలు మొదలయ్యాయి. ఇవన్నీ మేలైన అడుగులే. కాని పథకం గడువుకో, ఒప్పందం గడువుకో కట్టుబడిన వైద్యం హక్కు కాలేదు. ఎవరో దయతలచి ఇచ్చింది ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు.

ఇందులో రచయితల బాధ్యత కూడా ఉంది. మన కథల్లో క్షయ చాలాకాలం సున్నితమైన నాయకుల విషాదానికి అలంకారమైంది. వాడ ఏమో రోగాలు పుట్టే చోటుగా, దుర్వాసనగా వర్ణనలకెక్కింది. మద్రాసు పరిశోధన ఆ వాడనే వైద్యం జరగగల చోటుగా నిరూపించి ఆరు దశాబ్దాలు దాటింది. ఇక వాడను వర్ణించే రచయిత ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. అక్కడి మనిషికి ఆసుపత్రి ఏ వేళకు తెరిచి ఉంటుంది? అక్కడికి పోతే ఎన్ని రోజుల కూలి పోతుంది? ఈ లెక్క తెలియని సానుభూతి కూడా ఒక దగ్గుమందు సీసాయే.