నల్లచెరువు అని తెలుగులో వ్రాయడానికి

వేమన సమాధి ఉన్న కటారుపల్లి కదిరి ప్రాంతపు పల్లె. అదే ప్రాంతంలోని మండల కేంద్రం నల్లచెరువు. 2022 దాకా అనంతపురం జిల్లాలో ఉండేది, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాకు చెందినది. వేమన పేరు ఒక ఖతికి కూడా ఉన్నది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు రూపొందించి ఉచితంగా పంచిన యూనికోడ్ ఖతులు రెండు: పోతన2000, వేమన2000. తెర మీద తెలుగు అక్షరాలకు బదులు డబ్బాలు దర్శనమిచ్చిన రోజులలో ఎందరి కంప్యూటర్లలోనో ముందుగా అడుగుపెట్టినది ఈ ఇద్దరు కవులే. కనుక నల్లచెరువు అనే ఒక్క పేరును పట్టుకొని, దానిని తెలుగులో వ్రాయడానికి పనికివచ్చిన పరికరాల కథ చెప్పుకుందాము.

1990ల ఆరంభంలో అమెరికా విశ్వవిద్యాలయాలలోని తెలుగువారు యూజ్‌నెట్‌లో తెలుగు మాట్లాడుకొనేవారు, కాని రోమను అక్షరాలలో. ఎవరికి తోచిన తీరున వారు వ్రాస్తే ‘కల’ ఏదో ‘కళ’ ఏదో తెలిసేది కాదు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గార్లు దీనికొక కట్టుబాటు ఏర్పరచారు. అదే మనమంతా ఎరిగిన ఆర్‌టీఎస్. చిన్న ‘ఎల్’ నొక్కితే ల, పెద్ద ‘ఎల్’ నొక్కితే ళ. చిన్న ‘టి’ త, పెద్ద ‘టి’ ట. అలా వ్రాసినదానిని తెలుగు లిపిలోకి మార్చి అచ్చుకు సిద్ధం చేసే ‘రిట్’ అనే సాధనము కూడా వారిదే. పన్నెండు మీటలు నొక్కితే నల్లచెరువు సిద్ధం.

తెలుగు వ్రాయడానికి ఇంగ్లీషు దారి ఏమిటని ఈసడించేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వారి మాటలో న్యాయము లేకపోలేదు. భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లోనే ఇన్‌స్క్రిప్ట్ అనే మీటల అమరికను తెచ్చింది. అందులో నల్లచెరువుకు పది మీటలు చాలు. కాని అది నేర్చుకోవాలి. నేర్చుకొనే ఓపిక లేనివారి చేత కూడా తెలుగు వ్రాయించినది ఆర్‌టీఎస్. నా మటుకు నాకు ఆ మేలు ముందు తక్కిన వాదము చిన్నదిగానే కనిపిస్తుంది.

1990ల చివర పత్రికలు అంతర్జాలానికి వచ్చాయి. అసలు చిక్కు అక్కడ మొదలయింది. నాటి ఖతులలో 256 గదులకు మించి లేవు. ఇంగ్లీషు అక్షరాల గదులను ఖాళీ చేయించి, తలకట్టును ఒకచోట, కొమ్మును ఒకచోట, వత్తులను మరొకచోట కూర్చోబెట్టారు. ఏ ముక్క ఏ గదిలో ఉండాలన్నది ఎవరి ఇష్టము వారిది. ఈనాడు ఖతిది ఒక అమరిక, వార్త ఖతిది మరొకటి. కంటికి ముత్యాల వంటి తెలుగే. కంప్యూటరుకు మాత్రం అది అర్థము లేని ఇంగ్లీషు అక్షరాల గుంపు. నల్లచెరువు చెరువు నిండిన వార్త ఆనాటి పుటలో ఉన్నదనుకోండి. తెలుగులో ఎంత వెదికినా ఆ పుట దొరకదు. ఖతి లేని యంత్రంలో అసలు చదవనే చదవలేము.

దీనికి విరుగుడు అప్పటికే కాగితం మీద ఉన్నది. 1991లో వెలువడిన మొదటి యూనికోడ్ ప్రమాణములోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. భారతీయ లిపులకు మన దేశం తయారుచేసుకొన్న ఇస్కీ వరుసనే యూనికోడ్ అనుసరించింది. అందువలన ఒక చక్కని సౌకర్యం కలిగింది: తెలుగు ‘క’ సంఖ్య 3093 అయితే కన్నడ ‘క’ సంఖ్య 3221. తేడా సరిగ్గా 128. నల్లచెరువులోని పది సంకేతాలకూ 128 చొప్పున కలిపితే పేరు కన్నడ లిపిలోకి మారిపోతుంది! రెండు భాషలూ వినబడే హిందూపురం సీమవారికి ఇంతకంటె ముచ్చటైన లెక్క ఉండదు. (కన్నడిగుడైన శేషాద్రివాసు గారి ‘బరహ’ను తెలుగువారు సొంతము చేసుకోవడంలో వింత లేదు.)

ప్రమాణం ఉన్నా యంత్రము ఒప్పుకోవాలి కదా. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఖతితో సహా వచ్చినా, కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్ళి సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టి, అది అడిగినప్పుడు సీడీ అందిస్తే తప్ప వత్తులు కుదురుగా నిలిచేవి కావు. ఆ సీడీ కోసం స్నేహితుల ఇళ్ళ చుట్టూ తిరిగినవారు ఈ పుట చదివేవారిలో తక్కువేమీ ఉండరు.

2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికిన వెన్న నాగార్జున గారే ‘పద్మ’ను కూడా నిర్మించారు. ఫైర్‌ఫాక్సుకు తగిలించుకొంటే పత్రికల ఖతులలోని పాఠాన్ని అక్కడికక్కడే యూనికోడులోకి మార్చి చూపేది. పద్మలోని ఆ పనితనాన్ని ఆధారం చేసుకొని వీవెన్ గారు 2006 నాటికి ‘లేఖిని’ని అందించారు. పై గడిలో ఆర్‌టీఎస్, క్రింది గడిలో తెలుగు. పుటను దాచుకొంటే అంతర్జాలం లేనప్పుడూ పనిచేసేది. మార్పిడి అంతా మన యంత్రంలోనే జరిగే జావాస్క్రిప్టు కదా. నెట్ కేంద్రంలో గంటకింత అని చెల్లించి కూర్చున్నవారికి, ఏదీ స్థాపించుకొనే అనుమతి లేని ఆఫీసు కంప్యూటరు ముందువారికి, ఇది దేవుడిచ్చిన వరమే. తరువాత గూగుల్ వంటి పెద్ద సంస్థల పరికరాలు వచ్చాయి. వాటి గురించి అందరికీ తెలిసినదే.

పరికరాలకు కూడా ఆయుర్దాయం ఉంటుంది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్సు 57వ రూపంతో పాత తరహా పొడిగింతలు ఆగిపోయాయి. పద్మ ఆ తరంలోనిదే. కాని పద్మ మార్చిపెట్టిన పాఠము, ఎక్కడ భద్రపరిస్తే అక్కడ, నేటికీ వెదికితే దొరుకుతుంది. మార్చకుండా మిగిలిన పాఠము మాటేమిటి? అను వంటి ఖతులలో కూర్చిన పుస్తకాల ఫైళ్ళు అచ్చయిన నాటి నుండి డీటీపీ కేంద్రాల పాత డిస్కులలో పడి ఉన్నాయి. ఊరి చరిత్రలు, శతకాలు, చిన్న పత్రికల సంచికలు అందులో ఎన్నో!

మీ దగ్గర అటువంటివి ఉంటే ముందు ఆ ఫైలుతో పాటు ఖతి ఫైలును కూడా ఒకే సంచిలో దాచండి. ఖతి పేరు తెలియనిదే ఏ మార్పిడి పరికరమూ ఏమీ చేయలేదు. ఒక పుటను మార్చి చూచి, వత్తులను, పొల్లులను అచ్చుప్రతితో సరిచూచుకొన్న పిమ్మటనే తక్కినవి మార్చండి. ‘ఫైర్‌ఫాక్సు’ వంటి మాటలలో పొల్లు తరువాత కంటికి కనబడని విడదీత సంకేతం ఒకటి ఉంటుంది. అది ఒకచోట ఉండి ఒకచోట లేకపోతే వెదుకులాటలో సగము దొరకవు. నల్లచెరువుకు ఆ బెడద లేదు.