పెరట్లో జీలుగు చెట్టు ఎవరిది? 1879లో అడిగిన ప్రశ్న, ఇప్పుడూ అడుగుతున్న ప్రశ్న

పోస్టు కొంచెం పెద్దదే. బస్సులో ఉన్నప్పుడో, మెస్ దగ్గర లైన్లో ఉన్నప్పుడో చదవండి. కానీ చివరిదాకా చదవండి, చివర్లో మీ అందరితో ఒక పని ఉంది.

పోయిన సెమిస్టర్ హిస్టరీ క్లాసులో రంప తిరుగుబాటు పాఠం వచ్చింది. మా హాస్టల్ నుంచి ఆ క్లాసులో నలుగురం ఉన్నాం. కారణాల్లో మొదటిది "కల్లు మీద పన్ను" అని బోర్డు మీద రాయగానే వెనక బెంచీలోంచి ఎవరో "కల్లు కోసం యుద్ధం చేశార్రా!" అన్నారు. క్లాసంతా నవ్వింది. నిజం చెప్పాలంటే మేమూ కొంచెం నవ్వాం. నవ్వకపోతే అందరూ మా వైపే చూస్తారని భయం. రాత్రి రూముకి వచ్చాక మాత్రం ఎవరికీ మాట్లాడబుద్ధి కాలేదు. మా నలుగురిలో ముగ్గురి ఇళ్ళలో నాన్నో తాతో చెట్టెక్కి కల్లు గీసేవాళ్ళే. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత. మేమైతే ఆ చెట్టు కిందే పెరిగాం. ఆ సంగతి కాలేజీలో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

అందుకే ఈ విషయం కొంచెం తవ్వాం. లైబ్రరీలో దొరికినంత చదివాం. సంక్రాంతి సెలవులకి ఇళ్ళకి వెళ్ళినప్పుడు పెద్దోళ్ళని అడిగాం. మాకు అర్థమైంది ఇక్కడ రాస్తున్నాం.

ముందు చెట్టు సంగతి. మైదానం తండాల్లో పెరిగిన తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి తాడి, ఈత తెలుసు గానీ జీలుగు అంతగా తెలియకపోవచ్చు. మా రంపచోడవరం ఏజెన్సీలో కొండరెడ్ల, కోయల ఊళ్ళలో ఇంటెనక కనిపించే పెద్ద చెట్టు అదే. తాడి జాతిదే, కానీ ఆకు చేప తోకలా ఉంటుంది. గెల కిందికి దిగిందంటే జడలు విరబోసినట్టు వేలాడుతుంది. చెట్టు పెరిగి మొదటి గెల వెయ్యడానికి పదేళ్ళు, ఒక్కోసారి పదిహేనేళ్ళ పైనే పడుతుంది. మొదటి గెల తలదగ్గర వేస్తుంది. తర్వాత ఒక్కో కణుపూ దిగుతూ కిందికి గెలలు వేసుకుంటూ వస్తుంది. అట్లా కొన్నేళ్ళు నడిచి, చివరి గెల అయిపోయాక చెట్టు చచ్చిపోతుంది. తాడిలా తరాల తరబడి నిలబడదు. కాబట్టి ఒక తరం నాటడం మానేస్తే తర్వాతి తరానికి జీలుగు ఉండదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాం.

జీలుగు పండు చేత్తో నలిపితే దురద. మనం తినలేం. మానుపిల్లి మాత్రం తింటుంది, గింజల్ని అక్కడక్కడా వదిలేస్తుంది. పోడులో అట్లా లేచిన మొలకని మా పెద్దోళ్ళు కొట్టరు. చుట్టూ నాలుగు కర్రలు పాతి కాపాడతారు. లేదంటే మట్టితో పెకలించి తెచ్చి పెరట్లో పెడతారు. మా ఊళ్ళో ఎవరు కాపాడితే చెట్టు వాళ్ళది. అన్నదమ్ములు వేరు పడితే చెట్లు కూడా పంచుకుంటారు. మాలో ఒకడి తాత పెరట్లో ఏడు జీలుగులున్నాయి. ఏ చెట్టు ఎవరు తెచ్చారో, ఏ బిడ్డ పుట్టినప్పుడు పెట్టారో వేలు చూపించి మరీ చెప్పాడు. అందులో ఒకటి మావాడు పుట్టిన ఏడాది పెట్టింది. అది నిరుడే మొదటి గెల వేసింది.

తాడి వేరు దారిలో పెరట్లోకి వస్తుంది. తాటిపళ్ళు రాలే రోజుల్లో టెంకలు ఏరుకొచ్చి ఇంటెనక పాతర వేస్తారు, తేగల కోసం. తవ్వినప్పుడు ఒకటో రెండో మిగిలిపోతాయి. అవే చెట్లవుతాయి. పెరట్లో తాడి ఎవరు నాటారని అడిగితే "నాటలేదురా, మర్చిపోయాం" అని మా నాయనమ్మ నవ్వింది.

ఇప్పుడు చరిత్రకి వద్దాం.

రంప ప్రాంతంలో ఊళ్ళని ముఠాలుగా చేసి ముఠాదారులు చూసుకునేవాళ్ళు. వాళ్ళ పైన మన్సబుదారు. 1848లో కంపెనీ ప్రభుత్వం పెట్టించిన ఒప్పందంతో కూర్చున్న మన్సబుదారు ముఠాదారుల్ని ఒక్కొక్కరినే తొక్కేస్తూ వచ్చాడు. జనం మీద రకరకాల పన్నులు వేశాడు. వాటిలో ఒకటి కల్లు చెట్ల మీద వేసింది. దాని పేరు చిగురుపన్ను. ఆ పేరు మొదటిసారి చదివినప్పుడు మేం కాసేపు ఆగిపోయాం. చిగురు మీద పన్నేంటి అనిపించింది.

దాని మీద ప్రభుత్వ ఆబ్కారీ నిబంధన వచ్చి పడింది. ఇంట్లో తాగడానికి గీసుకునే కల్లు కూడా నేరమైంది. కల్లు మీద హక్కుని మైదానం నుంచి వచ్చిన కాంట్రాక్టర్లకి ఇచ్చేశారు. కొంచెం ఊహించుకోండి. చెట్టు మీ తాత పెట్టింది. మీ నాన్న పదేళ్ళు కాపాడాడు. గెల దిగిన రోజున ఎవరో ఊరు తెలియని మనిషి వచ్చి ఇది నాది, డబ్బు కట్టి గీసుకో అంటాడు. కట్టకపోతే పోలీసు. పోలీసులు వసూలు చేసింది వేరే. వాటికి తోడు షావుకార్ల అప్పులు. మనోళ్ళకి తెలియని కోర్టుల్లో, తెలియని భాషలో డిక్రీలు తెచ్చుకుని పశువుల్ని తోలుకుపోయేవాళ్ళు.

1879 మార్చిలో చోడవరం వైపు మొదలైంది. (ఇది విశాఖ దగ్గర చోడవరం కాదు, మన రంపచోడవరం.) పోలీసుల్ని పట్టుకున్నారు, స్టేషన్లని ముట్టడించారు. కారం తమ్మన్నదొర, అంబుల్ రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య ముందున్నారు. అటు గొలుగొండ కొండలకి పాకింది. జులైకల్లా భద్రాచలం తాలూకా రేకపల్లికి వెళ్ళింది. అక్కడివాళ్ళ బాధ పోడు మీద పెంచిన పన్ను. అణచడానికి మద్రాసు నుంచి సైన్యాన్ని దించాల్సి వచ్చింది. 1880లో చంద్రయ్య చనిపోయాడు, పోరు సన్నగిల్లింది. ఇంగ్లీషోళ్ళ కాగితాల్లో దీన్ని ఫితూరీ అని రాసుకున్నారు.

పాఠంలో ఎక్కువగా ఇక్కడితో ఆపేస్తారు. ఓడిపోయారు, అయిపోయింది అన్నట్టు. కానీ తర్వాత ఏం జరిగిందో చూడండి. మన్సబుదారుని తీసేశారు. ముఠాలు ముఠాదారులకి నేరుగా ఇచ్చారు. ఇంటి అవసరానికి కల్లు గీసుకునే హక్కుని ప్రభుత్వం ఒప్పుకుంది. అంటే తుపాకులతో అణచినవాళ్ళే "మీరడిగింది నిజమే" అని దిగొచ్చారన్నమాట. క్లాసులో నవ్వినోడికి మేం చెప్పాలనుకున్నది ఇదే. వాళ్ళు కల్లు కోసం పోరాడలేదు తమ్ముడూ. పెరట్లో చెట్టు ఎవరిదన్న దానికోసం పోరాడారు.

ఆ తర్వాత రెండేళ్ళకే, 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు గీతలు గీశారు. గీత లోపల చెట్టు ముట్టుకుంటే గార్డు, కేసు. మాకు అనిపించేదేంటంటే, పెరటి చెట్టు విలువ అక్కడి నుంచి ఇంకా పెరిగి ఉంటుంది. ఎవర్నీ అడక్కుండా ఎక్కగలిగే చెట్టు ఇంటెనకదే కదా.

జీలుగంటే కల్లు ఒక్కటే కాదు, ఇది కూడా మేం తెలుసుకున్నదే. హైమెన్‌డార్ఫ్ అనే పరిశోధకుడు 1940ల మొదట్లో గోదావరి పక్క పాపికొండల్లో కొండరెడ్ల మధ్య ఉండి, 1945లో వాళ్ళ మీద పుస్తకం తెచ్చాడు. గింజలు అయిపోయిన రోజుల్లో కొండరెడ్లకి జీలుగు ఎంత ఆధారమో అందులో ఉంది. మా నాయనమ్మ అదే చెప్పింది, పుస్తకం చూడకుండానే. ఎండాకాలం జొన్నలు అయిపోతే చెట్టు కొట్టి, మాను చీల్చి, లోపలి మెత్తటి గుజ్జు దంచేవాళ్ళంట. నీళ్ళల్లో పిసికి వడగడితే అడుగున పిండి తేరుతుంది. అది ఎండబెట్టి జావ కాచుకునేవాళ్ళు. మామిడి టెంకల పిండి, జీలుగు పిండి, ఈ రెండే వానలు పడేదాకా ప్రాణం నిలబెట్టాయంది. చెట్టు కొట్టిన రోజు ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్ళు కాదని కూడా చెప్పింది. పదిహేనేళ్ళ చెట్టు కదా.

ఇంకో మాట దాచకుండా రాయాలి. తాగుడు మన ఇళ్ళని పాడు చెయ్యలేదని మేం అనం. మా నలుగురిలో ఒకడు పదో తరగతి మధ్యలో ఏడాది పోగొట్టుకున్నది నాన్న తాగుడు వల్లే. వాడే ఈ పేరా ఉండాలన్నాడు. అల్లూరి సీతారామరాజు కూడా 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడకముందు ఊరూరా తిరిగి తాగుడు మానమని, తగువులు పంచాయితీల్లోనే తీర్చుకోమని చెప్పాడు. నలభై ఏళ్ళ ముందు చెట్టు హక్కు కోసం లేచిన కొండల్లోనే ఆ మాట విన్నారు. ఇందులో మాకు తేడా ఏం కనిపించలేదు. తాగాలా వద్దా అన్నది ఊరు నిర్ణయించుకుంటుంది. చెట్టు ఎవరిదన్నది బయటోడు నిర్ణయించకూడదు. 1996 పెసా చట్టం కూడా షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకం, వాడకం నియంత్రించే అధికారం గ్రామసభకి, పంచాయతీకి ఉండాలనే చెప్తోంది. పైగా మావాడి నాన్న పాడైంది పెరటి చెట్టు వల్ల కాదు, రోడ్డు మీది సీసా వల్ల.

ఇప్పుడు ఈ పోస్టు ఎందుకు రాస్తున్నామో చెప్తాం.

1879లో లేచిన రేకపల్లి ఇప్పుడు వి.ఆర్.పురం మండలంలో ఉంది. 2014లో పోలవరం కోసం ఖమ్మం నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన ముంపు మండలాల్లో అదొకటి. మాలో ఒకడి పిన్నివాళ్ళది గోదావరి పక్క ముంపు ఊరే. 2013 భూసేకరణ చట్టం 29వ సెక్షన్ ప్రకారం భూమికే కాదు, దాని మీదున్న చెట్లకి కూడా విలువ కట్టాలి. చెట్లు రాసుకోడానికి ఒకాయన వచ్చాడంట. మామిడి రాశాడు, కొబ్బరి రాశాడు, తాడి రాశాడు. పిన్ని జీలుగులు చూపిస్తే, "అది అడవి చెట్టమ్మా, మీరేసింది కాదు కదా" అన్నాడు. పిన్నికి ఏం చెప్పాలో తెలియలేదు. చెట్టు వాళ్ళ మావగారు పెట్టింది. కానీ కాగితం ఎక్కడుంది? మావగారు చనిపోయి చాలా ఏళ్ళయింది. నాలుగు చెట్లు, రెండు గెల మీదున్నవి, లెక్కలోకి రాలేదు.

ఈ సంగతి విన్న రోజు మాకు చిగురుపన్ను గుర్తొచ్చింది. అప్పుడు చెట్టు సర్కారుదన్నారు. ఇప్పుడు చెట్టు అడవిదంటున్నారు. రెండుసార్లూ ఎవరిది కాదంటే, పెంచినోళ్ళది కాదు. అప్పట్లో మనోళ్ళకి చదువు లేదు, కాగితం లేదు. ఇప్పుడు మనం చదువుకుంటున్నాం. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనుషులం మేమే. ఈ చదువు దీనికి కూడా పనికిరాకపోతే ఎట్లా?

ఇంకో సంగతి. మా నలుగురి పెరళ్ళలో చెట్లు లెక్కపెట్టుకున్నాం. జీలుగు, తాడి కలిపి ఇరవై ఆరు. అన్నీ తాతలు, నాన్నలు పెట్టినవే. మేం పెట్టినవి సున్నా. ఆరో తరగతి నుంచి హాస్టల్లో ఉంటున్నాం, సెలవులకి పోతాం, తాగునీళ్ళలా కల్లు, ముంజులు ఉంటాయి, తిని తాగి వచ్చేస్తాం. జీలుగు చివరి గెల వేసి చచ్చిపోతుందని పైన రాశాం కదా. తాత పెరట్లో ఏడింటిలో రెండు ఆఖరి గెలల మీదున్నాయి.

అందుకని మీతో పని ఇది. వచ్చే సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఒక నోట్‌బుక్ పట్టుకెళ్ళండి. పెరట్లో, పోడులో ఉన్న జీలుగు, తాడి, ఈత, ఏదైనా సరే, లెక్క రాయండి. ఏ చెట్టు ఎవరు పెట్టారు, ఏ ఏడాది, ఎవరు పుట్టినప్పుడు, ఏ పెళ్ళప్పుడు, పెద్దోళ్ళని అడిగి వాళ్ళ మాటల్లోనే రాయండి. చెట్టు పక్కన తాతనో నాయనమ్మనో నిలబెట్టి ఫోటో తియ్యండి. వీలైతే ఆ జాబితాని గ్రామసభలో చదివించి, తీర్మానం పుస్తకంలో ఎక్కించండి. దాని వల్ల రేపే డబ్బులొస్తాయని మేం చెప్పట్లేదు. కానీ "మీరేసింది కాదు కదా" అన్నప్పుడు చూపించడానికి ఒక కాగితం ఉంటుంది. ఏజెన్సీలో కాకుండా వేరే చోట ఉన్నవాళ్ళు మీ దగ్గర చెట్టు ఏదైతే అది రాయండి, ఇప్పయినా చింతయినా.

రెండోది, ఒక్క మొక్కైనా పెట్టండి. జీలుగు గింజలు ఏరేటప్పుడు చేతికి గుడ్డ చుట్టుకోండి, దురదతో మా వాడు రెండు రోజులు ఏడ్చాడు. మొలకెత్తడానికి నెలలు పడుతుంది, పీకేసి చూడొద్దు.

మేం సంక్రాంతికి నాలుగు పెట్టొచ్చాం, ఇంటికొకటి. తాత చూసి, "గెల దిగేసరికి నేనుండను, కుండ ఎవడు కడతాడ్రా?" అన్నాడు. మాకు చెట్టెక్కడం రాదు. వచ్చే సెలవులకి నేర్పిస్తానన్నాడు.

మీ లెక్కలు కామెంట్లలో పెట్టండి. మేం రాసిన చరిత్రలో తప్పుంటే చెప్పండి, దిద్దుకుంటాం. జోహార్.