తంబోరా: ఒక పట్టికలో మిగిలిన భాష

రాజ్యాలు పోయినా ప్రజల నోట భాష నిలుస్తుందంటారు. తెలుగువారికి ఇది అనుభవమే. కానీ కొద్ది రోజుల్లోనే మాట్లాడేవారితో సహా ఒక భాష అంతరించిపోయిన ఉదంతం చరిత్రలో ఉంది. అదే తంబోరా భాష.

ఇండోనేషియాలోని సుంబావా ద్వీపంలో తంబోరా అనే అగ్నిపర్వతం ఉంది. దాని పాదాల చెంత అదే పేరుగల చిన్న రాజ్యం ఉండేది. తేనె, గుర్రాలు, రంగు తీసే చెక్క ఆ ప్రాంతం నుంచి ఎగుమతి అయ్యేవి.

1815 ఏప్రిల్ 5న కొండ గర్జించింది. ఎంతో దూరాన ఉన్న జావాలో దానిని ఫిరంగుల మోతగా భావించి, పొరుగు ఠాణాపై దాడి జరిగిందేమోనని సైనికులను పంపారు. 10వ తేదీ సాయంత్రం అసలు విస్ఫోటనం జరిగింది. సుమారు 4,300 మీటర్లుండేదని అంచనా వేస్తున్న శిఖరం నేడు 2,850 మీటర్లే. తంబోరా, పెకాట్ రాజ్యాలు బూడిదలో కప్పబడిపోయాయి. తరువాత వచ్చిన కరవుకు, రోగాలకు వేలాదిమంది బలయ్యారు. మరుసటి సంవత్సరం, 1816లో, ఐరోపాలో వేసవి సరిగా రాక పంటలు పోయాయి.

మరి ఆ భాష సంగతి మనకెలా తెలిసింది? అప్పట్లో జావా ఆంగ్లేయుల ఏలుబడిలో ఉండేది. అక్కడి లెఫ్టినెంట్ గవర్నరు స్టాంఫర్డ్ రాఫిల్స్. ఈయన 1795లో, పద్నాలుగేళ్ల వయసులో, లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ కచేరీలో గుమాస్తాగా చేరి పైకి వచ్చిన వ్యక్తి. 1817లో అచ్చయిన ఆయన జావా చరిత్ర గ్రంథంలో పలు భాషల పదాల పట్టిక ఉంది. అందులో తంబోరా పదాలు యాభై లోపే. ఆ భాషకు మిగిలిన ఆధారం అదొక్కటే!

ఆ కొద్ది మాటలే పెద్ద విషయం చెప్పాయి. మలయ్, జావా భాషల్లోనూ, పొరుగునే ఉన్న బీమా భాషలోనూ అయిదును 'లిమా' అంటారు. తంబోరాలో మాత్రం అది 'కుతెలిన్'. ఒకటి 'సీనా', మూడు 'నిహ్'. ఇది చుట్టుపక్కల భాషల కుటుంబానికి చెందదనీ, న్యూగినీ ప్రాంతపు పాపువా భాషల కోవలోనిదనీ 2007లో మార్క్ డొనొహ్యూ అనే భాషాశాస్త్రవేత్త ప్రతిపాదించారు. న్యూగినీ అక్కడికి వెయ్యి కిలోమీటర్లకు పైగా తూర్పున ఉంది. అంటే పాపువా భాషలు ఒకప్పుడు అంత పడమటి వరకూ వ్యాపించి ఉండేవన్నమాట.

2004లో హరాల్దుర్ సిగుర్ద్‌సన్ బృందం జరిపిన తవ్వకాల్లో బూడిద కింద ఒక ఇల్లు, ఇద్దరి అస్థికలు, కంచు పాత్రలు, కుండలు బయటపడ్డాయి. వస్తువులు దొరికాయి గాని, వాటిని ఆ ఇంటివారు ఏ పేర్లతో పిలిచేవారో చెప్పగలవారు లేరు.

ఉద్యోగ జీవితమంతా రిజిస్టర్లు, జాబితాలు రాసినవాళ్లం మనం. రాసిపెట్టిన కాగితం విలువ మనకు ఒకరు చెప్పనక్కరలేదు. వ్యవసాయంలో, వంటింట్లో, చేతివృత్తుల్లో మన పెద్దలు వాడిన మాటలు ఎన్నో మన తరంతోనే ఆగిపోతున్నాయి. తీరిక ఉన్న మనం, ఇంట్లోని ఆడవారిని కూడా అడిగి, ఒక నోటు పుస్తకంలో వాటిని అర్థాలతో సహా రాసి మనవలకు అందిస్తే బాగుంటుంది. యాభై మాటలైనా చాలు, అవి వృథా పోవని తంబోరా చరిత్ర చెబుతోంది.