అతిభారీ కృష్ణబిలాలు - తొలి విశ్వంలో గెలాక్సీల ఎదుగుదల

గెలాక్సీల కేంద్రాలలో ఉండి, సూర్యుని ద్రవ్యరాశికి లక్షల నుండి వందల కోట్ల రెట్లు ద్రవ్యరాశి కలిగిన కృష్ణబిలాలను అతిభారీ కృష్ణబిలాలు అంటారు. దాదాపు ప్రతి పెద్ద గెలాక్సీ మధ్యలోను ఇటువంటిది ఒకటి ఉన్నదని ఖగోళ శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. మన పాలపుంత కేంద్రంలోని కృష్ణబిలం పేరు సాజిటేరియస్ ఎ-స్టార్. దీని ద్రవ్యరాశి సూర్యునికి సుమారు 40 లక్షల రెట్లు. ఇది ధనూరాశి దిశలో ఉన్నది. జూలై చివరి వారంలో రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో నంద్యాల, ఆళ్లగడ్డల నుండి చూసేవారికి ఆ చోటు దక్షిణాకాశంలో సుమారు 45 డిగ్రీల ఎత్తున ఉంటుంది. కృష్ణబిలం మాత్రం కంటికి కనబడదు.

గెలాక్సీతో సంబంధం

పాలపుంత వెడల్పు సుమారు లక్ష కాంతి సంవత్సరాలు. కృష్ణబిలం గురుత్వాకర్షణ ప్రధానంగా పనిచేసేది కేంద్రం చుట్టూ కొద్ది కాంతి సంవత్సరాల మేరకే. అయినప్పటికీ, గెలాక్సీ నడిమి ఉబ్బెత్తు భాగంలో నక్షత్రాల వేగం ఎక్కువైనకొద్దీ అక్కడి కృష్ణబిలం ద్రవ్యరాశి కూడా ఎక్కువగా ఉంటున్నదని 2000లో రెండు పరిశోధక బృందాలు వేర్వేరుగా తెలిపాయి. అనగా రెండింటి ఎదుగుదలకు సంబంధం ఉండి తీరాలి.

ప్రభావం చూపే విధానం

కృష్ణబిలం వైపు పడే వాయువు దాని చుట్టూ పళ్లెంవలె తిరుగుతూ విపరీతంగా వేడెక్కుతుంది. హైడ్రోజన్ సంలీనంలో ద్రవ్యరాశిలో 0.7 శాతం శక్తిగా మారగా, ఇక్కడ సుమారు 10 శాతం మారుతుంది. ఈ విధంగా అత్యంత ప్రకాశవంతమైన కేంద్రాలే క్వేజార్లు. క్వేజార్లు ఎంత దూరాన ఉన్నవో 1963లో మార్టెన్ ష్మిట్ మొదట గుర్తించాడు.

నక్షత్రాలు పుట్టడానికి చల్లని వాయువు అవసరం. క్వేజార్ కాంతి, గాలులు, జెట్‌లు ఆ వాయువును వేడిచేస్తాయి, లేదా బయటకు నెట్టివేస్తాయి. అప్పుడు నక్షత్రాల పుట్టుక మందగిస్తుంది. కృష్ణబిలానికి కూడా ఆహారం తగ్గుతుంది. ఈ భావనను 1998లో జోసెఫ్ సిల్క్, మార్టిన్ రీస్ ప్రతిపాదించారు. మహావిస్ఫోటం తరువాత సుమారు 200 కోట్ల సంవత్సరాలనాటి జి.ఎస్.-10578 అనే గెలాక్సీ నుండి వాయువు సెకనుకు సుమారు 1000 కిలోమీటర్ల వేగంతో వెలువడుతున్నట్లు జేమ్స్ వెబ్ టెలిస్కోపు పరిశీలనల ద్వారా 2024లో వెల్లడైనది. ఆ గెలాక్సీలో నక్షత్రాల పుట్టుక దాదాపు ఆగిపోయింది.

తొలి విశ్వంలోని చిక్కు

2021లో ప్రకటించిన జె0313-1806 అనే క్వేజార్ మహావిస్ఫోటం తరువాత 67 కోట్ల సంవత్సరాలనాటిది. దానిలోని కృష్ణబిలం 160 కోట్ల సూర్యుళ్లకు సమానం. సాధారణ గరిష్ఠ వేగంతో వాయువును మింగినా కృష్ణబిలం ద్రవ్యరాశి రెట్టింపు కావడానికి 3 కోట్ల సంవత్సరాలకు పైగా పడుతుంది. మృతనక్షత్రం నుండి పుట్టిన 100 సూర్యుళ్ల కృష్ణబిలం ఆ స్థాయికి చేరాలంటే 24 సార్లు రెట్టింపు కావాలి. అందుకు 72 కోట్ల సంవత్సరాలు కూడా చాలవు.

అందువలన కొన్ని కృష్ణబిలాలు భారీ వాయుమేఘం నేరుగా కుప్పకూలి, పుట్టుకతోనే పదివేల నుండి లక్ష సూర్యుళ్ల ద్రవ్యరాశితో ఏర్పడి ఉండవచ్చునని కొందరి సిద్ధాంతం. కోయంబత్తూరులో జన్మించిన ప్రియంవదా నటరాజన్ ఈ సిద్ధాంతంపై కృషి చేసిన వారిలో ముఖ్యురాలు. 2023లో జేమ్స్ వెబ్, చంద్ర ఎక్స్-కిరణ టెలిస్కోపుల సహాయంతో యు.హెచ్.జెడ్.1 అనే గెలాక్సీలో, మహావిస్ఫోటం తరువాత 47 కోట్ల సంవత్సరాలనాటి కృష్ణబిలాన్ని గుర్తించారు. దాని ద్రవ్యరాశి ఆ గెలాక్సీలోని నక్షత్రాలన్నిటి ద్రవ్యరాశికి దాదాపు సమానమని అంచనా. నేటి సమీప గెలాక్సీలలో ఈ నిష్పత్తి సుమారు వెయ్యవ వంతు మాత్రమే. కనుక కొన్నిచోట్ల కృష్ణబిలమే ముందు పెరిగి, గెలాక్సీ తరువాత పెరిగి ఉండవచ్చు. వేగంగా మింగే చిన్న కృష్ణబిలాల వాదం కూడా ఉన్నందున ఈ ప్రశ్న ఇంకా తేలలేదు.