రెప్ప పడని కెమెరా

మొన్న ఒక సాయంత్రం చార్మినారు ముంగిట నిలిచి నా పాత డిజిటల్ కెమెరాతో బొమ్మ తీయబోయాను. షట్టరు తెరుచుకున్నది గాని సకాలంలో మూసుకోలేదు. చిత్రం తెల్లబోయింది, నేనూ తెల్లబోయాను.

దాపుననే గడియారాలు, కెమెరాలు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. ఆయన దానిని విప్పి, కాగితంకంటె పలుచనైన రేకులను చూపారు. వాటిపై నూనె జిడ్డు. "రెండు చుక్కలు నూనె వేస్తే కదలవా?" అని అడిగాను. "నూనెతోనే అంటుకున్నయి సార్. రేకులు పొడిగనే ఆడాలె" అని నవ్వి, స్పిరిటుతో తుడవసాగారు.

అది చూస్తూండగా రాజా దీన్‌దయాళ్ జ్ఞాపకం వచ్చారు. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో జన్మించిన ఆయన, రూర్కీలో ఇంజనీరింగు చదివి, 1874 ప్రాంతంలో ఛాయాచిత్రకళను చేపట్టారు. అది తడిపలకల కాలం. గాజుపలకకు రసాయనం పూసి, తడి ఆరకముందే చిత్రం తీసి కడగాలి. వెలుతురు సోకవలసిన వ్యవధి క్షణాలకొద్దీ ఉండేది కనుక షట్టరుతో పని లేదు. కటకం మూతను చేతితో తీసి, లెక్కపెట్టి, తిరిగి పెట్టేవారు. కదలక నిలిచినవాడు పలకమీద నిలిచాడు. నడిచిపోయినవాడు మసకబారాడు, లేదా మాయమయ్యాడు.

1871లో మాడక్స్ అనే ఆంగ్ల వైద్యుడు ప్రతిపాదించిన జెలటిన్ పొడిపలక, ఆ దశాబ్దం ముగిసేసరికి బాగా మెరుగుపడింది. వ్యవధి క్షణంలో భాగానికి తగ్గింది. అంత వేగం చేతికి సాధ్యం కాదు. యంత్రపు రెప్ప అవసరమైంది. దీన్‌దయాళ్ 1880లలో ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకులయ్యే నాటికి ఈ మార్పు జరుగుతూ ఉన్నది. ప్రభువులు ఆసీనులైన చిత్రాలతోపాటు, ఔరంగాబాదు ప్రాంతపు కరవు సహాయ పనుల చిత్రాలు కూడా ఆయన స్టూడియోనుండి వెలువడ్డాయి. ఆయన 1905లో కాలధర్మం చెందారు.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. ఉద్యోగంలో ఉన్న రోజులలో తరగతిలో తడిపలకల నాటి వీధి చిత్రమొకటి చూపి, "ఆనాడు వీధులెంత ప్రశాంతంగా ఉండేవో చూడండి" అని పిల్లలకు చెప్పేవాడిని. ఆ ప్రశాంతత వీధిది కాకపోవచ్చు, పలకది కావచ్చు. బండి తోసినవాడు, నీళ్లు మోసిన స్త్రీ ఆగి నిలబడే తీరిక లేనివారు. అందుకే చిత్రంలో లేరు. లేనివారిని గురించి నేను అడగలేదు, పిల్లలచేత అడిగించలేదు.

కెమెరా బాగుపడింది. దుకాణం మెట్టుమీదనుండే ఒక బొమ్మ తీశాను. పండ్లబండి తోస్తున్న మనిషి, ఎత్తిన పాదం ఎత్తినట్టే, స్పష్టంగా పడ్డాడు.